మధ్యాహ్నపు దెజ్యునే

షోడియేర్ నది పొంగి బోస్ ఊళ్ళ ఇళ్ళల్లోకి వచ్చిన ఏడాది అది. క్యూబెక్ కోటగోడ కింద మంచు కరిగి, చలికాలమంతా దాచుకున్న కుక్కపెంట ఒక్కసారిగా బయటపడింది. పెట్టుడు గడ్డంతో ముసలి గుర్రబ్బండివాడి వేషంలో ఉన్న సీక్రెట్ ఏజెంట్ ఒవిలా బూట్లు ఆ బురదలోనే నానుతున్నాయి. అతనికి ఊరి మీదకన్నా ఉద్యోగం మీద ఎక్కువ రోత పుట్టింది.

ముందురోజు బ్రీఫింగ్‌లో చీఫ్ చెప్పాడు.

"విదేశీ ముఠా వైర్‌లెస్‌లో దొరికింది ఒకటే ముక్క: దెజ్యునేలో విషం. టార్గెట్, వాళ్ళ గుట్టు మోసుకొచ్చి మన దగ్గర తలదాచుకున్న ఇంజనీరు మిలోష్. మన మిరేయ్ అతని పక్కనే ఉంటుంది."

ఈ ఊళ్ళో దెజ్యునే అంటే పొద్దుటి తిండి. పొద్దున్నే గుడ్లు, చిక్కుడుగింజలు అన్నీ పరీక్షించారు. ఏమీ లేదు. చీఫ్ కాపలా ఎత్తేశాడు. ఒవిలా మాత్రం బండి వదల్లేదు.

ఎండ నెత్తికెక్కే వేళ మిరేయ్, మిలోష్ వచ్చి బండెక్కారు. మిరేయ్ సెంటు గుప్పున కొట్టింది.

"ఎక్కడికి, మామ్‌జెల్?"

"సూప్ హోటల్‌కి పోనీ, తాతా. దెజ్యునే వేళ అయింది, ఆకలి చంపేస్తోంది!"

ఒవిలా చేతిలో పగ్గం బిగుసుకుంది. వాళ్ళను హోటల్ దగ్గర దింపి, గుర్రాన్ని కట్టి, లోపలికి ఉరికాడు. మిలోష్ చెంచా పెదవిదాకా వచ్చింది.

ఒవిలా బల్ల తన్నేశాడు. బఠానీ సూప్ గోడమీద చిందింది.

"పేడకంపు! బయటికి పో!" అరిచింది మిరేయ్.

అతను ఆమె మణికట్టు పట్టాడు. ఉంగరపురాయి మూత తెరిచి ఉంది. లోపల తెల్లటి పొడి.

"లిమ్వాలూ పేటలో పుట్టానన్నావే? అక్కడ మధ్యాహ్నం తినేది దినే, అమ్మాయ్. దాన్ని దెజ్యునే అనేది పారిస్‌వాళ్ళు. నీకు పాఠం చెప్పింది ఎవరో ఆ ఊరివాడే."

"ఒక్క మాటకేనా?"

"ఒక్క మాటకే. అది అమ్మ దగ్గర నేర్చుకునేది."

మిలోష్ పరిగెత్తి చీఫ్‌కి ఫోన్ చేశాడు. చీఫ్ వచ్చాడు. మిరేయ్‌ని ఏరికోరి శాఖలోకి తెచ్చింది ఆయనే. చెమట తుడుచుకుని, "సూప్ పాడైందని చెబుదాం. హోటలువాడి మీదికి తోసెయ్," అన్నాడు.

ఒవిలా ఉమ్మేశాడు. "పైవాళ్ళకి జరిగిందే చెబుతాను," అన్నాడు. చెప్పాడు కూడా.

మర్నాడు పొద్దున్న టై పిన్నులో దాచిన కెమెరా, పెట్టుడు గడ్డం శాఖలో తిరిగిచ్చేసి, ఉద్యోగం వదిలేసి, పార పట్టుకుని హోటల్ ముందు గుర్రపుపేడ ఎత్తడం మొదలుపెట్టాడు.

"నీకెందుకయ్యా ఈ కంపు?" అన్నాడు హోటలువాడు.

"పారతో ఎత్తితే పోయేది ఇదొక్కటే కదయ్యా," అన్నాడు ఒవిలా.