బురద మ్యాపు, స్టీలు గ్లాసు

హెలెన్ గ్రైండర్ గిన్నె కడుగుతోంది. గిన్నె వంచగానే పైన తేరిన నీళ్లు సింకులోని చెంచా పక్కనుంచి తప్పుకుని తూములోకి పోయాయి. వెనక గట్టి పిండి జారింది. అది తప్పుకోలేదు. చెంచాని నెట్టుకుంటూ పోయింది.

పామర్రు పొలాల్లో పెరిగిన హెలెన్‌కి ఈ తేడా చిన్నప్పట్నించీ తెలుసు. హాల్లో కూర్చున్న డాక్టర్ లక్ష్మీకాంత్‌కీ తెలుసు. తెలిసే తప్పు లెక్క వేశాడు.

"ఏమే ఆదెమ్మా, కాఫీ గ్లాసులు తియ్యి!"

"వస్తన్నానండి."

భవానీపురంలోని ఆ ఇంట్లో పదిహేను రోజులుగా ఆమె పనిమనిషి ఆదెమ్మ. డిపార్ట్‌మెంట్ ఫైల్లో ఏజెంట్ 19. ఛీఫ్ సంజీవరావు బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో ముగిసింది.

"కొండ మీంచి బురద ఎటు పారుతుందో చెప్పే కంప్యూటర్ మోడల్ మనది. దాన్ని తొలి వానకే ఫెయిల్ చేయించి, తమ మోడల్ మనకు అంటగట్టాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. మోడల్ లెక్కలు చూసే లక్ష్మీకాంత్ వాళ్ల మనిషి. అసలు ఇన్‌పుట్ ఫైల్ కావాలి."

మూడు రోజులుగా వాన. కొండవాలు ఇళ్లలోని ఆరు వందల మందిని ఎక్కడికి తరలించాలో ఈ ఉదయం తొమ్మిదింటికి విడుదలయ్యే మ్యాపే చెప్పాలి. ప్రవాహంలో వందకు నలభై ఐదు పాళ్లు మట్టే ఉంటుందని శాంపిల్స్ తేల్చాయి. లక్ష్మీకాంత్ దాన్ని ఐదు చేశాడు. దాంతో మ్యాపులో బురద మంచినీళ్లలా ఒద్దికగా కాలవలోకి పోయింది. కొండ కింది కమ్యూనిటీ హాలు క్షేమమని ఆకుపచ్చగా మెరిసింది. నిజానికి బురద సూటిగా వచ్చేది ఆ హాల్లోకే. జనాన్ని అందులోకి తోలి, సాయంత్రం వార్తలు చూసుకోవాలని డాక్టరు గారి ఆలోచన. పెద్ద చదువే.

ఎనిమిదిన్నర. ల్యాప్‌టాప్ బల్ల కింద ఊడుస్తూ హెలెన్ కాపీ చేసిన ఫైలు, పెరటి గోడ మీది స్టీలు గ్లాసు దొంగ అడుగులో దాచిన పరికరంలోంచి ఆఫీసుకి అప్‌లోడ్ అవుతోంది. వానకి సిగ్నల్ నత్తలా ఉంది.

అప్పుడే సెంటు ఘుమఘుమలతో శ్రీదుర్గ దిగింది. డిపార్ట్‌మెంట్ జీతం, ముఠా బహుమతులు రెండూ అందుకునే డబుల్ ఏజెంట్. హెలెన్‌తో ఒకే ఫ్లోర్లో రెండేళ్లు పనిచేసింది. కానీ చీపురు పట్టుకున్న మనిషి మొహం చూసే అలవాటు ఆమెకు లేదు.

"డాక్టర్, ఎవరో ల్యాప్‌టాప్ ఓపెన్ చేశారు! లాగ్‌లో ఉంది."

"ఇంట్లో మనిద్దరమేగా?" అన్నాడు లక్ష్మీకాంత్, హెలెన్ అందించిన కాఫీ తీసుకుంటూ.

దొంగ సిగ్నల్ పసిగట్టే స్కానర్ పట్టుకుని వెతికారు. బియ్యం డబ్బా, దేవుడి గది, చివరికి ఒకరి బ్యాగు ఒకరు. పెరట్లో స్కానర్ కీచుమంది.

"ఏంటే అది?"

"నా గ్లాసండి. ఇంట్లోవాటితో కలపొద్దని మీరే యిడిగా పెట్టించారు గదండీ."

లక్ష్మీకాంత్ చాచిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఛీ!"

శ్రీదుర్గ పైటతో ముక్కు మూసుకుంది. "వాషింగ్ మెషీన్‌కి మోగుంటుంది. పదండి."

పీహెచ్‌డీ గారు బుద్ధిగా తలూపారు.

ఎనిమిదీ యాభై రెండు. గ్లాసు అడుగున చుక్కంత పచ్చ లైటు ఆరిపోయింది. ఫైలు చేరింది. ఇక ఆఫీసులో మోడల్ మళ్లీ రన్ కావాలి.

తొమ్మిదికి పది సెకన్లు ఉండగా, హాల్లో తెర మీద కమ్యూనిటీ హాలు ఎర్రబడింది. కాలవ అవతలి కాలేజీ ఆకుపచ్చగా మారింది.

"నువ్వేనా?" అన్నాడు లక్ష్మీకాంత్.

"నువ్వేనా?" అంది శ్రీదుర్గ.

పోలీసులొచ్చేదాకా ఆ ఇద్దరూ తిట్టుకుంటూనే ఉన్నారు. పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. బురద దిగింది. కమ్యూనిటీ హాలు తలుపులు నెట్టుకుని కిటికీల దాకా నిండింది. లోపల కుర్చీలు తప్ప ఎవరూ లేరు.

లక్ష్మీకాంత్ నోరు ఎండిపోయింది. "ఆదెమ్మా, మంచినీళ్లు!"

హెలెన్ కొంగుతో చేతులు తుడుచుకుంది. గోడ మీది గ్లాసు తీసి, నిండా నీళ్లు పట్టి, అతని ముందు బోర్లించి దాని దొంగ అడుగు చూపించింది. నీళ్లు అతని ఒళ్లో పడ్డాయి. గ్లాసు సంచిలో వేసుకుని, ఇన్నాళ్లూ తనని తొక్కనివ్వని ముందు గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

సింకు నిండా అంట్లు అలాగే ఉన్నాయి.