ఉన్ని షెడ్డులో తీసిన నిశ్శబ్దం

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో ఈమధ్య నాకు తారుమారవుతోంది. అయినా రాస్తాను. కోపం మాత్రం మరిచిపోలేదు.

మా ఊరి బయట, గోధుమ పొలాల మధ్య, పాత ఉన్ని షెడ్డు ఒకటుంది. గొర్రెల బొచ్చు కత్తిరించే ముసలి ఆంబ్రోస్ అక్కడే, పని చేస్తూ చేస్తూ కుప్పకూలి చచ్చిపోయాడు. అప్పట్నుంచి చీకటి పడితే లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుందని చెప్పుకునేవాళ్లు. తాగి తూలేవాళ్లు కూడా ఆ దారి మాని చుట్టు తిరిగి పోయేవాళ్లు.

అందుకే మావాళ్లకది ఉచితంగా దొరికింది.

మావాళ్లంటే... ఎప్పుడో ఆగిపోయిన ఒక అంతరిక్ష సీరియల్ పిచ్చోళ్లు. టీవీవాళ్లు ఆపేస్తే ఏం, మిగతా కథ మేమే తీసుకుంటాం అని బయల్దేరారు. జీతాల్లేవు. కోడిగుడ్ల అట్టలకి వెండిరంగు పూస్తే ఓడ గోడలు. వాక్యూమ్ క్లీనర్ గొట్టాలే ఇంజను. బట్టలు నేను కుట్టాను. ఓడంతా కట్టింది నా చెల్లెలు కోరల్. శబ్దం రికార్డు చేసేదీ అదే. ఏళ్ల తరబడి చాకిరీ చేస్తే, చివరి భాగంలో దానికో వేషం దొరికింది. ఓడని కాపాడే ముసలి కెప్టెన్. ఒక్కటే సీను. దానికోసం వంటింట్లో గిన్నెలు తోముతూ కూడా మాటలు వల్లించుకునేది.

రేకుల సందుల్లోంచి పగలు ఎండ పడుతుంది. అంతరిక్షంలో ఎండేమిటి? అందుకని షూటింగు రాత్రిళ్లే.

ఆ రాత్రి కోరల్ సీను అయింది. దర్శకుడు గార్త్ చప్పట్లు కొట్టాడు. ఓడ డాక్టరు వేషమూ వాడిదే.

"ఏడిపించేశావు పో, కెప్టెన్!"

అందరూ సాసేజీలు కాల్చుకోడానికి బయటికి పోయారు. కోరల్ ఒక్కతే ఉండిపోయింది. సీను అయ్యాక ఖాళీ చోటి నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేయాలి. మాటల అతుకులు తెలియకుండా దాన్ని కింద పరుస్తారు. అది తీస్తున్నంతసేపూ పెదవి కదపకూడదు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మీట నొక్కింది. నిలబడింది.

గాలి... రేకు కిర్రుమంది...

తర్వాత — ఊపిరి.

చెవి పక్కనే. బరువుగా.

తల తిప్పింది. ఎవరూ లేరు.

అడుగులు... కంకర మీద. షెడ్డులో అంతా చెక్క నేల! ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆపైన గుసగుస —

"కోరల్..."

అయినా నోరు విప్పలేదు.

"...కోరల్ ముక్క తీసి పారేద్దాం, వెస్. ఆ ముడతల మొహం ఎవడు చూస్తాడు? ఎవరైనా పడుచుపిల్లతో మళ్లీ తీద్దాం. ఓడ విప్పి సర్దేదాకా చెప్పకు. అలిగి పోయిందంటే సామాన్లు ఎవడు మోస్తాడు?"

దెయ్యం కాదు. గార్త్! డాక్టరు కోటు కాలరు కింద గుచ్చిన వైర్‌లెస్ మైకు ఆపడం మరిచిపోయి, షెడ్డు వెనక కెమెరా పట్టే వెస్ చెవి కొరుకుతున్నాడు.

కోరల్ కదల్లేదు. రికార్డు పూర్తయ్యేదాకా అలాగే నిలబడి, అప్పుడు బయటికి నడిచింది.

"ఏం కెప్టెన్, దెయ్యం పలకరించిందా?" గార్త్ నోటినిండా రొట్టె.

"నిశ్శబ్దం తెచ్చాను. విను."

స్పీకరు గట్టిగా పెట్టింది. గాలి. ఊపిరి. వాడి గుసగుస. మంట చుట్టూ ఒక్కొక్కరే తినడం ఆపారు. వెస్ తల దించుకున్నాడు.

"అది... ఊరికే సరదాకి అన్నాను, కోరల్..."

"ఆగు. ఇంకా ఉంది."

వాడి మాట తర్వాత కాసేపు గాలి. అప్పుడు, మైకుని ఆనుకుని ఉన్నంత దగ్గరగా, బొంగురుపోయిన ముసలి మగ గొంతు —

"సిగ్గు లేదురా నీకు?"

గార్త్ చేతిలో రొట్టె జారిపోయింది.

"ఎవడది? వెస్, నువ్వా?"

"నా గొంతులా ఉందా అది!"

"కోరల్... నువ్వే కదా గొంతు మార్చి అన్నావు? నువ్వేనని చెప్పు!"

"నిశ్శబ్దం తీసేటప్పుడు నేను నోరు విప్పుతానట్రా?"

ఆ సీను తీసేసే ధైర్యం ఆ తర్వాత ఎవడికీ లేకపోయింది. గార్త్ సిగ్గుపడ్డాడని నేననుకోను. భయపడ్డాడు, అంతే.

బ్రోన్విన్, మీ అమ్మ కోరల్ నాకు చెప్పింది చెప్పినట్టే రాశాను. పేర్లు ఒకసారి సరిచూడు తల్లీ. గార్త్ పేరు మాత్రం మార్చకు.