ఉత్తరానికి జరిపిన ల్యాప్‌టాప్

"ఈరోజు ఏదో ఒకటి జరుగుతాది సూడు. పొద్దున్నుంచి నా కుడికన్ను ఒకటే అదురుతా ఉండాది."

జ్ఞానాంబ ఆ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. పొయ్యి మీద గుగ్గిళ్ళ తాలింపులో ఆవాలు చిటపటలాడుతున్నాయి. హాల్లో టీవీలో కొండమీద రథోత్సవం లైవ్ వస్తోంది. వాళ్ళుండే బైరాగిపట్టెడ మీద మబ్బు కమ్ముకుంటోంది. అంతే.

"ఏమీ కాదులే మా. నీ కన్ను రోజూ అదురుతాది," అంది లోపలి నుంచి మోహన.

"రోజూ ఏదో ఒకటి జరుగుతానే ఉండాది గదా!"

ఆ రోజు ఆయుధపూజ. తెల్లవారకముందే లేచి జ్ఞానాంబ ఇంట్లో కత్తిపీట నుంచి స్కూటర్ దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టేసింది. మోహన ల్యాప్‌టాప్‌ను కూడా వదల్లేదు. మూత మీద ఒక పెద్ద బొట్టు పెట్టింది. లోపల మీటలన్నిటికీ పెట్టే ఓపిక లేక, పై వరసకు మాత్రం చిన్న చిన్న గంధం చుక్కలు పెట్టి, దేవుడి గదిలో పీట మీద పసుపుగుడ్డ పరిచి కూర్చోబెట్టింది. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు దశమి పొద్దున మళ్ళీ పూజ చేసేదాకా ముట్టకూడదు. ముడితే ఏమవుతుందో జ్ఞానాంబకు కచ్చితంగా తెలియదు. తెలియదు కాబట్టే మరీ భయం.

అప్పుడే మోహన ఫోన్ మోగింది. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆ పిల్ల మొహం మారిపోయింది.

"మా! ఎల్లుండి జరగాల్సిన ఇంటర్వ్యూ ఈరోజుకే మార్చేసినారు. పూణేవాళ్ళకు ఈరోజు సెలవు లేదంట. పదకొండుకే! నా సినిమా చూపించాల!"

ఏడాదిగా మోహన రాత్రీపగలూ కూర్చుని కంప్యూటర్లో బొమ్మల సినిమా ఒకటి చేసింది. అది పూణే కంపెనీ వాళ్ళకు నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే మళ్ళీ ట్యూషన్లు చెప్పుకోవడమే. పిల్ల దేవుడి గదిలోకి పరుగెత్తి, తల్లి "ముట్టాకే!" అని అరుస్తుండగానే మూత తెరిచి బటన్ నొక్కింది.

లోపల ఫ్యాను గుయ్యిమంది. చిన్న దీపం వెలిగింది. తెర మాత్రం అమావాస్యలాగా నల్లగా ఉండిపోయింది.

"చెప్తే విన్నావా?" అంది జ్ఞానాంబ గుండె మీద చెయ్యి పెట్టుకుని. "పూజలోది ముట్టినావు. పోయినాది!"

"ముట్టినందుకు కాదు! నీ కుంకుమ లోపలికి పోయుంటాది!" అనేసింది మోహన.

జ్ఞానాంబ తన చేతుల మీది కుంకుమ మరకలు చూసుకుంది. నా చేతులతో నేనే నా బిడ్డ బతుకు మీద కుంకుమ పోసేసినానా? ఆ పెట్టెను మళ్ళీ పీట మీద పెట్టి దణ్ణం పెట్టుకుంది.

మోహన ఊళ్ళో ఉన్న రిపేరు షాపులన్నిటికీ ఫోన్ చేసింది. అందరూ షట్టర్లు దించి గుమ్మడికాయలు కొట్టేశారు. "రేపు దాకా స్క్రూడ్రైవర్ ముట్టం పాపా," అన్నారు. చివరికి ఆ పిల్ల ఒక పేరు దగ్గర వేలు ఆపి, కొంచెంసేపు పెదవి కొరుక్కుని, నొక్కింది.

"బాలచంద్రా? నేను, మోహన. అవును. బతికే ఉండా."

* * *

వాన, బాలచంద్ర ఇద్దరూ ఒకేసారి వచ్చారు.

గేటు దగ్గర బైకు ఆపి, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ నిలబడ్డాడు. చొక్కా అంచు పైకి లాగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చొక్కా కూడా తడిసే ఉంది కాబట్టి అద్దాలు ఇంకా మసకబారాయి. ఆ మసకలోనే మోహన కోసం వెతికాడు. మోహన ఎక్కడ చూసిందంటే, అతను తప్ప మిగతా అన్నిచోట్లా చూసింది. అది జ్ఞానాంబ కంట పడింది.

"నువ్వు పిలుస్తావనుకోలా," అన్నాడు.

"నేనూ అనుకోలా. వేరే దిక్కు లేక పిలిచినా."

"దిక్కు లేనోళ్ళకు దేవుడే దిక్కంటారు."

"ముందు తల తుడుసుకో దేవుడా. ఇల్లంతా కాలవైతాండాది."

"ఎవరు నాయనా నువ్వు?" అంది జ్ఞానాంబ తువ్వాలు దూరం నుంచే విసురుతూ. "తడిసినోడివి కరెంటు వస్తువుల దగ్గరికి రావాకు. షాక్ కొడతాది!"

"చిత్తూరు కాలేజీలో మోహన క్లాస్‌మేట్‌ను ఆంటీ. ఇప్పుడు రేణిగుంటలో ఫ్యాక్టరీలో బోర్డులు టెస్ట్ చేసే పని." తల తుడుచుకుంటూ దేవుడి గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. పీట మీద బొట్టు పెట్టుకుని పెళ్ళికూతురిలా కూర్చున్న ల్యాప్‌టాప్‌ను చూశాడు. చెయ్యి చాపలేదు. "పూజలో పెట్టినారా? అట్లయితే నేను ముట్టను. మా టూల్స్ కూడా పూజలోనే ఉండాయి, ఉత్త చేతులతో వచ్చినా. మీరు సరేనంటేనే, ఆంటీ."

"ఏం మాట్లాడతాండావు? టైమవుతా ఉండాది!" అని మోహన గింజుకుంది.

జ్ఞానాంబ మాత్రం ఆ కుర్రవాడిని కింది నుంచి పై దాకా మళ్ళీ ఒకసారి చూసింది. ఈ కాలంలో అడిగి ముట్టేవాడు కూడా ఉన్నాడా?

"ఉండండి," అంది. "ఉద్వాసన చెప్తే దోషం లేదు. వినాయకుడికి చెప్పి ఉత్తరానికి జరపమా ఏంది?"

అక్షింతలు వేసి, గుగ్గిళ్ళు నైవేద్యం పెట్టి, "తప్పు క్షమించు తల్లీ, పిల్ల బతుకు," అంటూ రెండు చేతులతో ల్యాప్‌టాప్‌ను పీట మీద ఉత్తరం దిక్కుకు కొంచెం జరిపింది. "ఇంక తీసుకోండి."

మోహన దాన్ని హాల్లోకి తెచ్చింది. జ్ఞానాంబ వెనకే వచ్చి అడిగింది.

"నాయనా, నా కుంకుమ లోపలికి పోయిందా?"

బాలచంద్ర మోహన వైపు చూశాడు. మోహన కళ్ళతోనే వద్దు వద్దు అంది. అతను ఆ కళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"కుంకుమ కాదు ఆంటీ. ఫ్యాను, దీపం బాగానే ఉండాయి. మోహనా, నిన్న లోపల ఏమన్నా మార్చినావా?"

మోహన మూత మీది బొట్టును గోరుతో గీకింది.

"బొమ్మ ఆగి ఆగి వస్తా ఉంటే... గ్రాఫిక్స్ సెట్టింగ్ మార్చి ఆపేసి పడుకున్నా," అంది మోహన నేల చూపులతో.

"అదీ సంగతి. బొమ్మ చూపించే చిప్పులు లోపల రెండుంటాయి ఆంటీ. పెద్దది బొమ్మలు బాగా చేస్తాది. కానీ ఈ మాడల్‌లో తెరకు పోయే తీగ చిన్నదాని దగ్గరే ఉండాది. మీ అమ్మాయి చిన్నదాన్ని ఆపేసింది."

జ్ఞానాంబ ఒక్క నిమిషం ఆలోచించింది. "అంటే వండేది ఒకరు, వడ్డించేది ఒకరు. ఇది వడ్డించేదాన్ని వెళ్ళగొట్టింది."

"కరెక్ట్! నేను కూడా ఇంత బాగా చెప్పలా!"

జ్ఞానాంబ గుండెల మీది నుంచి ఒక బండ దొర్లిపోయింది. కూతురి నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. "నా మీదికి నెడతావా!"

* * *

"టీవీకి తగిలిస్తే పెద్ద చిప్పు చూపించే బొమ్మ దాంట్లో కనపడాల," అన్నాడు బాలచంద్ర. "సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి పోయే తీగ చాలు. అదొక్కటి పీకి..."

"అయ్యో! రథం కదులుతా ఉండాది! ఇప్పుడు పీకుతావా!"

ఇంతసేపూ కుర్చీలో కూర్చుని రథం చూస్తున్న జ్ఞానాంబ భర్త వరదయ్య లేచాడు. టీవీకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. తీగ పీకి కూతురి చేతికిచ్చి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

మోహన తగిలించింది. టీవీలో 'నో సిగ్నల్' అని వచ్చింది.

"అయిపాయ," అంది జ్ఞానాంబ. "టీవీ కూడా పోయినాది."

"పోలేదు. మోహనా, పవర్ బటన్ నొక్కి పట్టుకో, పూర్తిగా ఆగిపోనీ. వదలాకు. ఆ... ఇప్పుడు వదులు. మళ్ళీ ఆన్ చేసి, వెంటనే ఎఫ్ టూ కొడతానే ఉండు, సెట్టింగుల పేజీ వస్తాది."

"ఎఫ్ టూ మీద అంతా గంధమే ఉండాది!"

"దేవుడు గుర్తు పెట్టిచ్చినాడనుకో. కొట్టు!"

మోహన వేలు టకటకా ఆడింది. వేలికొస పచ్చగా అయింది. జ్ఞానాంబ కొంగు నోట్లో కుక్కుకుంది. బయట వాన కూడా ఒక్క క్షణం ఆగి విన్నట్టనిపించింది.

టీవీ ఒక్కసారి నల్లబడింది. మెరిసింది. తెర నిండా బూడిదరంగు పేజీ, దాని మీద వరసలు వరసలుగా ఇంగ్లీషు అక్షరాలు.

"వచ్చినాది!" మోహన కేకకు పక్కింటి కుక్క మొరిగింది.

"అరవాకు, కిందికి పో. ఇంకా కింద. గ్రాఫిక్స్ అని ఉండాది సూడు. అదే. రెండూ పనిచేసేట్టు పెట్టు. ఇప్పుడు ఎఫ్ టెన్, ఎంటర్."

మళ్ళీ చీకటి. ఫ్యాను గుయ్యిమంది. ఆ తర్వాత ల్యాప్‌టాప్ తెర తెల్లగా వెలిగింది. ఆ వెలుగు మోహన మొహం మీద పడింది. బాలచంద్ర తెరను చూడటం మర్చిపోయి ఆ మొహాన్నే చూస్తూ ఉండిపోయాడు. జ్ఞానాంబ అది కూడా చూసింది. ఆమె కన్ను మళ్ళీ అదిరింది.

అప్పుడే పూణే కాల్ మోగింది. బాలచంద్ర టీవీ తీగ తీయబోయాడు.

"తీయాకు!" అని అరిచింది జ్ఞానాంబ. "తీస్తే మళ్ళీ పోతే? అట్లే ఉండనీ!"

"మా, తీసెయ్యనీ మా, ప్లీజ్!" అంది మోహన. ఎందుకో ఆ గొంతులో తెర నల్లబడినప్పటి కంటే ఎక్కువ కంగారు వినిపించింది.

"వద్దంటే వద్దు!"

కాల్ ఎత్తక తప్పలేదు. సినిమా మొదలైంది. ల్యాప్‌టాప్‌లో చిన్నగా, గోడ మీది టీవీలో నిలువెత్తుగా.

వాన. గూడూరు నుంచి నిమ్మకాయల మూటలు వేసుకుని వస్తున్న బండి. బురదలో చక్రం ఇరుక్కుంది. కుర్రవాడు దిగాడు. ఎడమభుజం కొంచెం ఎగరేస్తూ నడిచాడు. చొక్కా అంచు పైకి లాగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అవి ఇంకా మసకబారాయి.

జ్ఞానాంబ టీవీని చూసింది. గుమ్మం దగ్గర నిలబడిన బాలచంద్రను చూసింది. అతను సరిగ్గా అప్పుడే చొక్కా అంచుతో అద్దాలు తుడుచుకుంటున్నాడు. తన బొమ్మను తానే చూసి, చెయ్యి అట్లాగే బిగుసుకుపోయింది.

పూణే ఆయన ఇంగ్లీషులో ఏదో అడిగాడు. జ్ఞానాంబకు అర్థం కాక భర్త వైపు చూసింది. "ఆ నడక చాలా సహజంగా ఉండాదంట. ఎవరిని చూసి చేసినావు అంటాండాడు," అని గొణిగాడు వరదయ్య.

మోహన చెవుల దాకా ఎర్రబడింది. తల ఎత్తి గుమ్మం వైపు చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"హీ ఈజ్ హియర్, సార్," అంది. "ఇన్ మై హౌస్."

దీనికి తర్జుమా ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

* * *

ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచే చేసుకోవచ్చన్నారు. కాల్ ముగియగానే మోహన గంతులేసింది, తండ్రి చేతులు పట్టుకుని తిప్పింది, చివరికి బాలచంద్ర ఎదురుగా వచ్చి ఆగింది.

"పోయినేడాది వేసవిలో రేణిగుంట స్టేషన్‌లో నేనొకటి అడిగినా," అన్నాడతను. "రైలెక్కి పోయినావే గానీ పలకలా. ఇదేనా జవాబు?"

"సినిమా తీసి చూపిస్తే కూడా అర్థం కాలా? నీ భుజం సరిగ్గా ఎగరడానికే నాకు నెల పట్టినాది."

"నేను అట్లా నడుస్తానా?"

"ఇంకా అధ్వానంగా నడుస్తావు. కొంచెం అందంగా చేసినా."

అతను నవ్వాడు. తర్వాత నవ్వు ఆపుకుని, జ్ఞానాంబ ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అత్తా..." నాలుక కరుచుకున్నాడు. "అదే, ఆంటీ. మా అమ్మను రేపు పంపించేదా? మీతో మాట్లాడతాది."

జ్ఞానాంబ ముందు వీధిలోని తడి రోడ్డును చూసింది. రేణిగుంట రోడ్డు మీద లారీలు గుర్తొచ్చాయి. వీడు బైకు తోలేది ఈ మసక అద్దాలతోనే కదా అనిపించింది. పుట్టే పిల్లలకు కూడా అద్దాలొస్తే? పూణేవాళ్ళు రేపు మాట మార్చితే? భయాలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి. వాటి మధ్యలో, పీట ముందు ముట్టకుండా ఆగిపోయిన తడి చెయ్యి ఒకటి. కూతురు కళ్ళతో బతిమాలుతున్నా 'కుంకుమ కాదు ఆంటీ' అని చెప్పిన గొంతు ఒకటి.

చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. వరదయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. బాలచంద్ర అద్దాలు తుడుచుకోవడానికి చొక్కా అంచు పట్టుకుని, ధైర్యం చాలక మళ్ళీ వదిలేశాడు. గుగ్గిళ్ళు చల్లారిపోయాయి.

జ్ఞానాంబ కొంగుతో మొహం తుడుచుకుంది.

"రేపు పొద్దున పూజ అయినాక రమ్మను," అంది. "ఆమెను నీ బైకు మీద మాత్రం తేవాకు, రోడ్డంతా తడి. బస్సులో రమ్మను. గొడుగు మర్చిపోతాదేమో, గుర్తు చెయ్యి నాయనా."