ముసుగు తియ్యని గొర్రు

తమ్ముడన్నవాడు కాస్త మందబుద్ధితో పుట్టి అన్న పరువు కాపాడాలి. శివకుమార్‌కి ఆ మాత్రం ఇంగితం లేదు. విదేశీ పేటెంట్లు చదివి, ఎవరేం కనిపెట్టారో, ఇంకా ఏం మిగిలిందో తను పనిచేసే వ్యవసాయ పనిముట్ల ఫ్యాక్టరీకి చెప్పడం అతని ఉద్యోగం. చెప్పి ఊరుకోక, ఆ మిగిలింది కాస్తా తనే కనిపెట్టాడు: నేలలో తేమ తగిలితేనే గింజ వదిలే గొర్రు.

"ఆ ఇంజనీర్ మీ తమ్ముడట కదా, ఏజెంట్ మాణిక్?" అన్నాడు హైదరాబాద్‌లో చీఫ్.

"అందరూ అదే అడుగుతారు సర్."

మూడు దేశాల్లో ప్రాణాలకు తెగించిన మాణిక్, ఇంట్లో మాత్రం కుక్కర్ గాస్కెట్ల సేల్స్‌మన్. అది అతని కవర్. అమ్మ లెక్కలో, అవి కూడా సరిగ్గా అమ్మలేని సేల్స్‌మన్.

"రేపు మద్రాసులో పేటెంట్ అప్లికేషన్ పడుతుంది. ఈలోగా గొర్రు ఫొటో ఈ సాయంత్రం పత్రికలో వచ్చిందో, కొత్తదనం పోయినట్టే. పేటెంట్ రాదు. విదేశీ ముఠా దాన్ని దర్జాగా తయారు చేసుకుంటుంది. ఫొటో తీసేది మిస్ రీటా. జీతం మన దగ్గర, బోనస్ వాళ్ల దగ్గర."

"స్పాట్?"

"జహీరాబాద్. మీ ఇంటి వాకిలి. మీ అమ్మగారు ఇవాళ పూజకు వాడకట్టంతా పిలిచారు."

కొత్త పనిముట్టుకు పసుపు పెట్టి టెంకాయ కొట్టనిదే మహాదేవమ్మ గడప దాటనివ్వదు. మాణిక్ సూట్‌కేసుకు మాత్రం ఇంతవరకు ఎవరూ కొట్టలేదు.

పూజకు రావలసిన జంగమయ్యను చిరాగ్‌పల్లి దగ్గర డిపార్ట్‌మెంట్ జీపు మర్యాదగా ఆపింది. ఆయన బదులు గడ్డం, విభూతి పెట్టుకుని మాణిక్ దిగాడు. తల్లి వచ్చి కాళ్లకు మొక్కింది. అతను గబుక్కున కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

వాకిట్లో గొర్రు మీద తెల్లబట్ట. పక్కన సిల్కు చీర, నల్లకళ్లద్దాలు, కెమెరా: విలేఖరి వేషంలో రీటా.

"ముసుగు తియ్యండమ్మా, వెలుతురు బాగుంది."

"చిన్నోడు ఎంత పెద్దోడాయె!" అంది పొరుగింటి సంగమ్మ. "పెద్దోడే గాస్కెట్లు పట్టుకొని తిరగవట్టె."

రీటాను ఆపబోయిన మాణిక్ చెయ్యి ఆగిపోయింది. ఊరికే నిలబడితే చాలు. రేపటినుంచి ఈ ఇంట్లో తమ్ముడి భజన ఉండదు. రీటా బట్ట అంచు పట్టుకుంది. గొర్రు కర్ర బయటపడింది. మాణిక్ చూస్తూనే ఉన్నాడు.

"గదేం మాట సంగమ్మా!" తల్లి కసిరింది. "స్వామీ, గీ టెంకాయ మా పెద్దోని పేర కొట్టున్రి. ఏడ తిరుగుతుండో ఏమో, జర సల్లగుండాలె."

కెమెరా లేచింది. టెంకాయ సరిగ్గా లెన్సు మీద పగిలింది.

"ముహూర్తం మంచిగ లేదు!" మాణిక్ అరిచి బట్ట కిందికి లాగాడు. "రేపు పొద్దుగూకేదాక ఎవలూ ముసుగు ముట్టొద్దు!"

గాజులవాళ్ల వేషంలో ఉన్న డిపార్ట్‌మెంట్ మనుషులిద్దరు రీటాను జీపెక్కించారు. వాడకట్టు ప్రసాదం తిని కదిలింది. శివకుమార్ మాత్రం గొర్రు పక్కన కూలబడ్డాడు.

"చూపియ్యొద్దని నాకు తెల్వదా స్వామీ? దినాం అందరికీ చెప్పేది గదే. మా అన్న దేశమంత తిరుగుతడు, నాకు ఫ్యాక్టరీ గోడలే. పేపర్ల ఫొటో పడితే ఏడనన్న చూసి జర కుళ్లుకుంటడని ఒప్పుకున్న."

గడ్డం జారుతున్నా ఏజెంట్ మాణిక్ పట్టించుకోలేదు.

"తప్పు నాది గూడ, తమ్మీ. ముసుగు లేస్తుంటే జరసేపు చూసుకుంట నిలబడ్డ."