చెవి వెనక సిగరెట్

పొగ మాన్పించే ఆ గదికి తాళం వేసింది మీరే, ఆఫీసరుగారూ. ఫ్యాను కింద కూర్చుని "ఎవరూ రావడం లేదు, మూసేయండి" అని సంతకం పెట్టారు. ఎలా వస్తారయ్యా? కూర్చున్న మనిషిని తీసేసి, ఈ నంబరుకి ఫోన్ చేయండని తలుపు మీద ఒకే ఒక్క భాషలో కాగితం అంటించి పోతే, ఇన్ని భాషల వాళ్లు పనిచేసే గోడౌన్‌లో దాన్ని చదివేదెవరు?

ఒకప్పుడు ఆ గది ఎలా ఉండేదో వినండి.

గోడౌన్ వెనక, పాత టైర్ల పక్కన ఉండేది. ఒక బల్ల, నర్సుకో కుర్చీ, వచ్చినవాళ్లకో కుర్చీ. బల్ల మీద గుప్పెట్లో పట్టేంత మిషను. దాంట్లో ఊదితే ఒంట్లో పొగ ఎంతుందో అంకె పడేది. పొగ మాన్పించడానికొచ్చిన ఆ నర్సు కనబడిన ప్రతివాడి చేతా ఊదించేది. దాంతో ఆమెకు ఊదమ్మ అని పేరు పడిపోయింది.

"ఆ పేరు పెట్టింది నువ్వేనట?" ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ని మొదటిరోజే నిలదీసింది.

"నచ్చకపోతే చెప్పండి, ఇంకోటి ఆలోచిస్తా."

"ముందు ఊదు."

ఊదాడు. అంకె చూసి ఆమె కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "నువ్వు మనిషివా, ఇటుకబట్టీవా?"

అందరూ సిగరెట్లు కాల్చుకునే షెడ్డులో నిలబడీ నిలబడీ అతనికి అందరి భాషలూ అంతో ఇంతో వచ్చేశాయి. అది కనిపెట్టి ఆమె అతన్ని వదల్లేదు. ఎవరొచ్చినా వాళ్ల మాట ఈమెకూ, ఈమె మాట వాళ్లకూ అతనే చెప్పాలి. ఉన్న రెండో కుర్చీ వచ్చినవాళ్లకి పోతే గోడకి ఆనుకుని నిలబడేవాడు.

ఓరోజు ముసలి వెల్డరు వచ్చాడు. వాళ్లవైపు ఆచారం ప్రకారం పెద్దన్న సిగరెట్ ఇస్తే తమ్ముడు కాదనకూడదు.

"వద్దని గట్టిగా చెప్పమను," అంది ఊదమ్మ.

డ్రైవరు ఏదో చాలాసేపు చెప్పాడు. వెల్డరు పడీ పడీ నవ్వాడు.

"ఏం చెప్పావు?"

"రెండు చేతులా తీసుకో, చెవి వెనక పెట్టుకో, వెలిగించకు అన్నాను."

"నేను చెప్పింది అది కాదే."

"మీరు చెప్పింది చెబితే ఈయన మళ్లీ అన్నగారి గుమ్మం తొక్కలేడండీ."

కొన్నాళ్లకి గోడౌన్‌లో ఎవరి చెవి వెనక చూసినా వెలిగించని సిగరెట్టే. అందరి అంకెలూ దిగాయి. మొండిగా మిగిలింది డ్రైవరొక్కడే. వారం వారం వచ్చి, "మానలేకపోయానండీ" అని మొహం వేలాడేసేవాడు. ఊదమంటే దగ్గొస్తోందనేవాడు. ఆమెకు దిగులు పట్టుకుంది. అందరికీ దారి చూపినవాడు తన ఊపిరితిత్తులు తానే తగలేసుకుంటున్నాడని.

ఒక సాయంత్రం రేకుల మీద వాన దబదబా కొడుతోంది. షెడ్డులో అతను, చెవి వెనక సిగరెట్. ఆమె తడుస్తూ వచ్చి మిషను నోటికి అడ్డంగా పెట్టింది.

"ఊదు."

"ఇప్పుడొద్దండీ."

"ఊదుతావా, నన్ను వెళ్లిపొమ్మంటావా?"

ఊదాడు. అంకె పసిపిల్లాడికి వచ్చేంతే వచ్చింది.

"ఎప్పుడు మానేశావు?"

"ఇటుకబట్టీ అన్నారే, ఆ తర్వాత ఇంక బుద్ధి పుట్టలేదు."

"మరి ఈ ఏడుపంతా దేనికి?"

"మానేశానంటే, ఇంక నువ్వు రానక్కర్లేదు పో అంటారని."

  ఆమె చెయ్యి చాచి, అతని చెవి వెనక సిగరెట్ తీసి తన చెవి వెనక పెట్టుకుంది.

"మనవాళ్ల సిగరెట్ కాదనకూడదన్నావుగా."

మర్నాడు ఆ గదిలో మూడో కుర్చీ పడింది. వాళ్ల పెళ్లి ఫొటోలో ముసలి వెల్డరు చెవి వెనక సిగరెట్‌తోనే నిలబడ్డాడు. ఊదమ్మ తీసుకున్న ఆ సిగరెట్ ఇప్పటికీ ఆమె పాత కళ్లజోడు పెట్టెలో ఉంది. పొగాకంతా రాలిపోయి, పసుపెక్కిన కాగితం మిగిలింది.

ఇప్పుడు అదే షెడ్డులో కుర్రకారు మెడల్లో పళ్ల వాసనొచ్చే కరెంటు సిగరెట్లు, అవే వేప్‌లు, వేలాడుతున్నాయి. మానాలనుంది, ఎవర్నడగాలి అని ఎవరి భాషలో వాళ్లు గొణుక్కుంటున్నారు. ఎదురుగా మీ తాళం.

తీయండి దాన్ని. ఆ కాగితం పీకేయండి, మనిషిని కూర్చోబెట్టండి. మూడో కుర్చీ మాత్రం మరవద్దు. అది వాళ్ల భాష తెలిసినవాడిది. వచ్చే నెల కాదు, ఈ వారమే.