మంచు ఇంటికి రెండు సంచుల ఊక

ఉదయం ఎనిమిది కాకముందే బిక్షపతి ఆటో ఇంటి ముందు ఆగింది. పాపన్నపేట నుంచి మెదక్‌కు రోజూ మనుషుల్ని తెచ్చే ఆటోలో, ఆ రోజు వెనక సీటు మీద రెండు గోనె సంచులు ఉన్నాయి.

గిన్నెలు తోముతున్న దేవిక చేతులు కడుక్కుని బయటికి వచ్చింది.

"గివేంది బిక్షపతన్నా?"

"ఊక, చెల్లె. మీ అత్తమ్మ తెమ్మన్నది. రైసుమిల్లుల అడిగి పట్టుకొచ్చిన. యాడ దించాలె?"

ఇంట్లో బర్రె లేదు, కోళ్లు లేవు. దేవిక లోపలికి తిరిగి చూసింది. అత్త శివమ్మ మంచం మీద కూర్చుని తలకు నూనె రాసుకుంటోంది.

"గా మూలకు పెట్టమను బిడ్డా. కిష్ణకు చెప్పకు."

చెప్పే పని లేకపోయింది. ఆమె కొడుకు కృష్ణమోహన్ భుజాన తువ్వాలుతో గడపలోనే నిలబడి ఉన్నాడు. బస్టాండు దగ్గర ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే దుకాణం అతనిది. డిసెంబరులో అతనికి పని తక్కువ, చిరాకు ఎక్కువ.

"ఏందమ్మా ఇది?"

శివమ్మ మనవరాలి వైపు చూసింది. డిగ్రీ మొదటి ఏడాది చదివే రిషిత చేతిలోని నోట్‌బుక్‌ను వెనక్కి పెట్టుకుంది. అట్లా దాచబట్టే అది అతని కంట్లో పడింది.

"ఇటియ్యి."

పేజీ పైన ‘మంచు హోటల్, నలుగురికి’ అని రాసి ఉంది. మనాలి పైన కొండల్లో జనవరి వచ్చిందంటే మంచుతోనే గదులు కడతారు. గోడ మంచుదే, మంచమూ మంచుదే. రాత్రికి మనిషికి ఆరువేల ఐదువందలు. భోజనం, పడుకోవడానికి వెచ్చటి సంచి అందులోనే. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి రైలు, అక్కణ్నుంచి బస్సు, పైకి జీపు, కిరాయికి ఉన్ని బట్టలు, అన్నీ రిషిత గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. ‘టీ స్టేషన్లో కొనొద్దు, ఫ్లాస్కుల తీసుకపోవాలి’ అని కూడా రాసింది. మొత్తం డెబ్బై ఆరువేల రెండువందలు. అన్నిటికీ కింద ‘ఊక రెండు సంచులు, నానమ్మ ఖర్చు’ అని ఉంది.

కృష్ణమోహన్ ముఖం ఎర్రబడింది.

"దుకాణానికి నాలుగు రోజుల సంది ఒక్క ఫోన్ రాలే. ఈడ మంచు హోటళ్లా? నీ సోకుకు ముసలామెను అడ్డం పెట్టుకున్నవా రిషీ?"

"నేను కాదు డాడీ..." రిషిత ఏడ్చేసింది.

"పొద్దుగాల పొద్దుగాల పిల్లనెందుకు ఏడిపిస్తరు? జర నెమ్మదిగ అడగండ్రి" అంది దేవిక.

"నెమ్మదిగ ఏం అడగాలె? మోకాళ్ల నొప్పులతోని మూడు మెట్లు దిగలేదు. మంచు మీద పండుకుంటదట! అమ్మా, నువ్వే చెప్పు. ఈ ఊక ఎందుకు?"

శివమ్మ దువ్వెన పక్కన పెట్టింది.

"ఇల్లు కరగకుండ."

"ఏంది?"

"నలుగురం లోపల పండుకుని ఊపిరి ఇడుస్తం గద. తెల్లారేసరికి నీళ్లల్ల తేలుతం. మీ నాయిన ఐసుగడ్డ మీద ఊక పోసి, గోనె కప్పి, రామాయంపేట దాంక రిక్షా తొక్కేటోడు. ఒక్క మూల కరిగేది కాదు. రిషి ఫోన్‌ల చూపిచ్చిన వీడియోల ఆ మంచు ఇంటి మీద పిడికెడు ఊక లేదు. వాళ్లకు ఎర్క లేదేమో."

ఏడుస్తున్న రిషితకు నవ్వు వచ్చింది. దేవిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కృష్ణమోహన్‌కూ పెదవి కదిలింది గానీ కోపం దాన్ని నొక్కేసింది.

"మతి పోయిందా నీకు? ఊరంత చలికి దుప్పట్లు కప్పుకుంటుంటే పైసలు పెట్టి చలిల పండుకోను పోతవా? నాయిన జిందగంత ఐసు మోసి మోసి పోయిండు. సాలదా?"

"సాలదు" అంది శివమ్మ. గొంతు పెద్దది చేయలేదు. "పిల్లనేం అనకు. అడిగింది నేను. పోయినేడు ఎండకాలం ఆ వీడియో చూసిన కాడి నుంచి పింఛను ముట్టుకోలే. ఇరవై నెలలు. గిదో, బుక్కు చూస్కో."

బ్యాంకు పుస్తకాన్ని మంచం మీద పెట్టింది. ఎవరూ దాన్ని తీసుకోలేదు.

"మీ నాయిన ఐసు దించి ఇంటికొస్తే చేతులు కట్టెల లెక్క ఉండేవి. దగ్గరికొస్తే నేను కసురుకునేదాన్ని. ముట్టకు, దూరం జరుగు అనేదాన్ని. నువ్వు నెలల పిల్లగానివి. ఒకపారి ఎత్తుకున్నడు. ఆ సల్లటి చేతులకు నువ్వు కెవ్వుమన్నవ్. నేను గుంజుకున్న. పిల్లగాన్ని సంపుతవా అన్న."

ఆమె తన అరచేతుల్ని చూసుకుంది.

"ఆయన ఏమనలే. గా దినం నుంచి ఇంటికి రాంగనే పొయ్యి ముందట కూసునేటోడు. చేతులు వెచ్చగయినంకనే నిన్ను ఎత్తుకునేటోడు. ఒక్కనాడన్న నీకు ఎంత సల్లగుంది అని నేను అడగలే కిష్ణా. ఇప్పుడెవల్ని అడుగుదు? ఒక్క రాత్రి ఆ సలిల ఉండి నేనే చూస్త."

గుమ్మంలో సంచి భుజాన పెట్టుకున్న బిక్షపతి నెమ్మదిగా అడిగాడు.

"పెద్దమ్మా, దించాల్నా, వాపస్ తీసుకపోవాల్నా?"

కృష్ణమోహన్ గోడ వైపు తిరిగి అన్నాడు. "దించు."

చాయ్ తాగకుండానే దుకాణానికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఒక ఐస్‌క్రీం దుకాణంలో డీప్ ఫ్రీజర్ పాడైందని కబురు వచ్చింది. గడ్డకట్టిన మంచును చేత్తో తవ్వి తీస్తుంటే వేళ్లు మొద్దుబారాయి. అప్పుడు చిన్ననాటి సంగతి గుర్తొచ్చింది. నాయిన ఇంట్లోకి వస్తూనే పొయ్యి దగ్గర కూర్చునేవాడు. తాను చాప మీద చేతులు చాపి ఎదురుచూసేవాడు. నాయినకు ఆకలి ఎక్కువని, అందుకే కొడుకు కంటే ముందు కుండ వైపు చూస్తాడని ఇన్నేళ్లూ అనుకున్నాడు. పొయ్యి మీద అరచేతులు తిప్పి తిప్పి కాచుకోవడం కళ్లముందే జరిగినా ఎందుకో అడగలేదు.

మిగిలిన మంచు తవ్వి తీసి, తడి చేతులు తుడుచుకోకుండానే ఇంటికి బయలుదేరాడు.

నాలుగింటికి ఇంటికి వచ్చేసరికి రిషిత నానమ్మ పక్కన కూర్చుని ఉంది. నోట్‌బుక్‌లో ‘నలుగురికి’ కొట్టేసి ‘ఇద్దరికి’ అని రాసింది. కింద నలభైవేల ఒక వంద.

"పింఛను పైసలే సరిపోతయ్ డాడీ" అంది తలెత్తకుండా. "నువ్వు, నానమ్మ పోండ్రి. జనవరిల ఎట్లాగూ దుకాణం ఖాళీనే. నాకు ఫోటోలు పంపు."

కృష్ణమోహన్ కూతురి తల మీద చేయి వేయబోయి, వేళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయని ఆగాడు.

"పొద్దున ఊకెనే అన్న బిడ్డా. మనసుల పెట్టుకోకు" అన్నాడు. తల్లి వైపు తిరిగాడు. "రేపు దవాఖానకు పోదాం. డాక్టరు సరే అంటెనే టికెట్లు. మోకాళ్లకు పట్టీలు గూడ రాయి రిషీ."

"రాసిన."

"ఊక?"

"కొట్టెయ్యాల్నా?"

"ఉండనీ. ఒక చిన్న సంచి పట్టుకపోదాం. మంచం కింద పోస్తది మా అమ్మ."

"నవ్వు, నవ్వు. పొద్దున లేచి నీళ్లల్ల తేలితె నన్ను అడగకు" అంది శివమ్మ. కళ్లు మాత్రం నిండిపోయాయి.

అతను అడుగు ముందుకు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్లాడు. దేవిక చాయ్ పెడుతున్న పొయ్యి ముందు నిలబడి రెండు చేతులూ మంటకు చాపాడు.

శివమ్మ గోడ పట్టుకుంటూ అతని వెనకే వచ్చింది. ఆ వంగిన వీపును, మంట మీద తిరుగుతున్న అరచేతుల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత దగ్గరికి వెళ్లి అతని మణికట్టు పట్టుకుంది.

"గట్లనే ఇయ్యి నాయినా. కాసుకోకు."

కొడుకు చల్లటి చేతుల్ని తన రెండు చెంపలకు ఆనించుకుని శివమ్మ కళ్లు మూసుకుంది.