ఒడ్డుకన్ను

నూకరత్నం నల్లరంగు పొర మీద కుంచె ఆనించగానే బల్లలోని గాజు వెలిగింది. గాజు మీద బెదురుగీతలు పక్కపక్కనే కదులుతున్నాయి. గోడ అవతల కూర్చున్న చూపరులవి, మనిషికొకటి. ఆమె ఇక్కడ గీసింది గీసినట్టే అక్కడ వాళ్ల కళ్ల ముందు పడుతుంది. వాళ్లు అదిరినప్పుడల్లా గీత పైకి లేస్తుంది. గాజు పైఅంచున ఉన్న ఎర్రగీతను అవి దాటితేనే పరీక్ష నెగ్గినట్టు.

బొమ్మలో సముద్రం ఉంది. సముద్రం మధ్య మనుషులు లేని పడవ ఉంది. పాతరేవు జనం దాన్ని గోడల మీద చూసి, ఎవరూ చెప్పకుండానే ఇళ్లు ఖాళీ చేసి పోవాలి. తరుముబొమ్మ పని అదే. అందుకే చూపరులందరినీ పాతరేవు నుంచే తెచ్చారు. వాళ్లు బెదిరితే ఊరు బెదిరినట్టే.

“చెయ్యి వణుకుతోందా?” సహదేవుడు మాస్టారు వెనక నిలబడి అడిగారు.

“వణుకుతోందండి.”

“వణకనీ. వణకని చెయ్యి మనకెందుకమ్మాయ్? అది యంత్రానికీ ఉంది.”

రూపశాల అనే ఈ బొమ్మల బడిలో అందరికీ తెలిసిన మాటే. యంత్రం వేసిన బొమ్మలకు జనం కళ్లు ఎప్పుడో అలవాటు పడిపోయాయి. భయపడే చెయ్యి గీసిన గీతకే ఇంకా బెదురుతున్నారు. అందుకే మొదటి ఏడాది చుక్కలూ గీతలూ, ఆ తరవాత అక్షరాలూ వాటి మధ్య ఎడం, ఆపైన రంగుల తూకం నేర్పి, ఆఖరి ఏడాది భయం నేర్పుతారు. ఆ పాఠానికి పుస్తకం లేదు. పరీక్ష తప్పినవాళ్లను గోడ అవతల కుర్చీలో కూర్చోబెడతారు. మిగతావాళ్లకు అది తెలుస్తుంది. అంతే పాఠం. నెగ్గినవాళ్లకు గోడల కార్యాలయంలో ఉద్యోగం, బొమ్మ అడుగున సొంత పేరు.

పోయిన పరీక్షలో గంగాభవాని తప్పింది. ఆమెదీ నూకరత్నంలాగే పాతరేవే, పక్క మంచం పిల్ల. ఆ మంచం మీద దుప్పటి ఇంకా మడత పెట్టే ఉంది.

మధ్యాహ్నం అన్నం వేళ గోడలో చిన్న కిటికీ తెరుస్తారు. చూపరులకు కంచాలు అందించడానికి. నూకరత్నం తానే వెళ్లి గంగాభవానికి కంచం అందించింది. గంగాభవాని కళ్ల కింద కమిలినట్టు నలుపు.

“ఆ పడవ నీదేనంటగా. బాగుందే. పొద్దున్న నాకు చీర తడిసినంత పనైంది.”

“నవ్వకే. నిద్రపోయావా?”

“ఈ కుర్చీలో నిద్రేంటే? రెప్ప మూస్తే మీ బొమ్మలే.” గంగాభవాని ముద్ద కలుపుతూ గొంతు తగ్గించింది. “మొన్న నా పక్క ముసలాయన గీత నేలకి పడిపోయింది. మనిషి పోయాడు. వెంటనే మీవైపు తలుపు, వీధివైపు తలుపు వాటంతటవే తెరుచుకున్నాయి. శవాన్ని మోసుకెళ్లేదాకా మూసుకోలేదు. అంతసేపూ సముద్రం గాలి. ఎంత హాయిగా ఉందో తెలుసా?”

“ఊరుకోవే.”

“ఇంకో గట్టి బొమ్మ పడితే నా గీతా అంతే. గాలి మాత్రం పక్కవాళ్లు పీలుస్తారు.”

“నేను ఎర్రగీత దాటించకపోతే, నన్నూ అక్కడే కూర్చోబెడతారు.”

“ముసలాయన కుర్చీ ఖాళీగానే ఉందిలే,” అంది గంగాభవాని. కిటికీ మూసుకుంది.

నూకరత్నం తన కంచం అలాగే వదిలేసింది. మళ్లీ బల్ల దగ్గరికి వచ్చేసరికి మాస్టారు బొమ్మ మీదికి వంగి చూస్తున్నారు.

“గీతలు ఎర్రగీత కిందే ఆగిపోతున్నాయి. ఎందుకా అనుకున్నా. ఈ చుక్కేంటి?”

పడవ వెనక అంచున చిన్న తెల్లచుక్క ఉంది. దాన్ని ఎప్పుడు పెట్టిందో నూకరత్నానికే తెలియదు. వాళ్ల నాన్న పడవలకు రంగులు వేసేవాడు. ముందువైపు కన్ను దారి చూడ్డానికి, వెనకవైపు కన్ను ఒడ్డును చూస్తూ ఉండడానికి. ఒడ్డుకన్ను లేని పడవ ఎక్కితే పాతరేవు ఆడవాళ్లు మగవాళ్లను చెయ్యి పట్టుకుని దింపేసేవారు. చిన్నప్పుడు ఆ కన్ను పెట్టడం నూకరత్నం వంతు, తెల్లచుక్కతో మొదలుపెట్టి. చెయ్యి ఆ అలవాటు మానలేదు.

“పొరపాటున పడిందండి.”

మాస్టారు చుక్కను వేలితో కప్పారు. గాజు మీద గీతలన్నీ ఒక్కసారి లేచాయి. చివరిది ఎర్రగీతను తాకి, దీపానికి కొట్టుకునే పురుగులా గిలగిల్లాడింది. అది గంగాభవానిది. ఆయన వేలు తీశారు. గీతలు దిగాయి.

“చూశావుగా. దీన్ని గీకెయ్. సాయంత్రానికి నీ పేరు గోడకెక్కుతుంది.” చాకు బల్ల మీద పెట్టి పక్క బల్ల దగ్గరికి వెళ్లారు.

నూకరత్నం చాకు తీసుకుంది. చేతివణుకుకు దాని మొన గాజు మీద టకటకమంది. ఖాళీ కుర్చీ కళ్ల ముందు కనబడింది. అందులో తాను, రెప్ప వెయ్యకుండా, ఇంకెవరో పిల్ల గీసే బొమ్మ కోసం ఎదురుచూస్తూ. చివరి గీత ఇంకా సన్నగా అదురుతూనే ఉంది.

ఆమె చాకు పక్కన పెట్టి సన్నకుంచె అందుకుంది.

చుక్క చుట్టూ రెప్ప గీసింది. రెప్ప కింద తెలుపు నింపింది. వంకర వచ్చింది, దిద్దలేదు. మధ్యలో నల్లగుడ్డు పెట్టి ఒడ్డువైపు తిప్పింది. చిన్నప్పుడు పెట్టినట్టే.

గీతలు దిగాయి. దిగుతూనే ఉన్నాయి. ముందు ఒకటి నేలను తాకింది, తరవాత దాని పక్కది. చివరిది కాసేపు ఊగి, అదీ పడుకుంది. ఎక్కడో గంట మోగింది. బెదురు లేని మనిషి బతికి ఉంటాడని ఆ తలుపులు తెరిచే యంత్రానికి ఎవరూ నేర్పలేదు. గోడలో తలుపు తెరుచుకుంది. దాని వెనక వీధివైపు తలుపు కూడా. ఉప్పుగాలి బల్ల మీది కాగితాలను లేపింది.

మాస్టారు పరుగెత్తుకొచ్చారు. “అందర్నీ చంపేశావా?”

కుర్చీల్లో తలలు వాలి ఉన్నాయి. ఎవరో గురక పెడుతున్నారు.

“నిద్రపోతున్నారండి.”

ఆయన చాకు అందుకుని కన్ను మీద ఆనించారు. గీకితే గీతలు లేస్తాయి, తలుపులు మూసుకుంటాయి. ఆయన చేతిలోనూ చాకు మొన టకటకమంది. ఆయన ఇంకా గీకలేదు.

నూకరత్నం తలుపు దాటింది. గంగాభవాని భుజం పట్టి కుదిపింది.

“లేవే గంగా.”

“ఇంకాసేపు పడుకోనీవే.”

“బయట పడుకుందువుగాని,” అంది నూకరత్నం, వెనక్కి చూడకుండా. “లే.”